సెకనుకు ముప్పై బొమ్మలు

మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడాల్సిన చోట ఏదో తెల్లగా మెరిసింది, అంతే. నేను మీట మీద వేలు పెట్టేలోపు నా ఎర్ర కారు ఎదుటి గోడలో ఉంది. మిగతా కార్లు రేసు ముగించేశాయి, నాకు ఆఖరి స్థానం వచ్చిందని తెర మీద రాసి ఉంది. నిజం చెబుతున్నాను, కుర్చీ వెనక్కి తన్ని లేచి నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళ కిందట గాజువాక నెట్ సెంటర్లో గంటలు గంటలు ఆడిన ఆట అది. దానికి పిచ్చి పట్టిందా, నాకు పట్టిందా?

"ఏటయింది బావా? అప్పుడే అయిపోనాదా?" అన్నాడు పక్క మంచం మీద నుంచి బావ.

"అయిపోయింది" అన్నాను. ఇంకేం చెప్పను?

బావ అంటే మా అక్క మొగుడు. పెళ్ళికి ముందు నుంచే నాకు స్నేహితుడు, అందుకే ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్. నేను అదే క్రేన్ కింద సిగ్నల్‌మన్‌ని. ఎత్తు, దించు, ఎడమకు తిప్పు అని కింద నుంచి చేత్తో చూపించడం నా పని, అది చూసి పైన క్యాబిన్లో లివర్లు కదపడం ఆయన పని. షిఫ్టులో ఉన్నంతసేపూ మాకు మాటతో అవసరం ఉండదు.

వానాకాలంలో కంచరపాలెంలో స్కూటర్ జారి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు చెప్పిన మాట వినడం లేదు. సీతమ్మధారలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. మూడో రోజుకే దాన్ని మంచం కిందకు విసిరేశాడు. "నానేటి, పాలు తాగే గుంటడినా?" అని అక్క మీద అరిచాడు. రెండు నెలల్లో చెయ్యి రాకపోతే క్రేన్ సంగతి మరిచిపోవాలనీ, స్టోర్లో కూర్చోబెడతామనీ సూపర్‌వైజరు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచి మనిషి అన్నం సగంలో వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. క్యాబిన్ ఎక్కకపోతే ఈయన ఏమైపోతాడోనని అక్కకు బెంగ, నాకూ బెంగ. అలాంటప్పుడు ఒకరోజు నోరు జారి అన్నాడు: "మన కారాట ఉంటే ఆడుదునేమో గాని, ఈ బంతి నా వల్ల కాదు."

అంతే, ఆ మాట పట్టుకున్నాను. ఆట సీడీ మా ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో ఉంది. నా కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు! అది ఉన్న పరికరం ఒకటి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాను. ఎక్కించాను. తెర నల్లగా అయిపోయింది. పాత సిస్టమ్‌లా నటించమని ల్యాప్‌టాప్‌కి ఒక ఆప్షన్ ఉంటుంది, అది నొక్కాను. బొమ్మ వచ్చింది గాని అడ్డంగా సాగిపోయి కార్లన్నీ కప్పల్లా కనిపించాయి. అదీ సరిచేశాను. చివరికి రేసు మొదలుపెడితే, చెప్పాను కదా, కళ్ళు మూసి తెరిచేలోపు గోడలో ఉన్నాను.

ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. నాకసలే ఓపిక తక్కువ. ఎవరెవరో ఇంగ్లీషులో రాసుకున్న చర్చలు చదివి, సగం అర్థమై సగం కాక, ల్యాప్‌టాప్‌ని రెండుసార్లు తిట్టాను, ఒకసారి మూత గట్టిగా వేశాను. సంగతి ఇంతే. ఆ పాత ఆట తెర మీద ఒక్కో బొమ్మ గీసినప్పుడల్లా కారును ఒక్క అడుగు ముందుకు జరుపుతుంది. అప్పటి కంప్యూటర్ సెకనుకు ముప్పై బొమ్మలు గీసేది. ఇప్పటిది వందలకొద్దీ గీస్తుంది, కారు కూడా అన్ని అడుగులూ వేసేస్తుంది. మరి గోడలోకి పోక ఏం చేస్తుంది? ఆ వేగానికి కళ్ళెం వేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. అందులో ముప్పై అని నంబరు పెట్టాను. ఆటలో పైన ఒక గడియారం తిరుగుతుంది. దాని పక్కన నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. రెండూ సరిగ్గా కలిసి నడిచాయి. ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టాను.

బావకు చూపించేటప్పుడు నా గొప్ప చెప్పుకోకుండా ఉండలేకపోయాను. ఆయన ఆ నంబరుకేసి చూసి, "ఇది తగ్గిస్తే ఏటవుతాది?" అన్నాడు.

"అన్నీ నెమ్మదిస్తాయి. కార్లూ, రోడ్డూ, ఆ గడియారం కూడా. నెమ్మదించిన సంగతి దానికి మాత్రం తెలీదు" అన్నాను. అడిగినదానికల్లా వివరంగా చెప్పాను, బుద్ధిమంతుణ్ణి.

ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే వదిలి వచ్చాను. మొదటి వారం ఆయన ఒక చుట్టు పూర్తి చేయడానికి మూడు నిమిషాలు దాటింది. వేళ్ళు మీటల మీద తడబడేవి, కారు ప్రతి మలుపులోనూ కంచె ఎక్కేది. ఎవరైనా చూస్తుంటే చెయ్యి వణుకుతోందని గది తలుపు వేసుకుని ఆడేవాడు. అయిపోయాక టైమ్ చెబితే అక్క వంటింటి క్యాలెండర్ మీద రాసేది. రెండు నిమిషాల యాభై. రెండు నలభై. రెండు పది. మూడో వారానికి అన్నం పూర్తిగా తినడం మొదలుపెట్టాడు. నాతో జోకులేశాడు. అక్క ముఖం మళ్ళీ ముఖంలా అయింది. వాళ్ళు ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనుషులు. ఆయన చెయ్యి కోసం అక్క శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటోంది. ఒక నిమిషం నలభై అని రాసిన రోజు నాకు ఫోన్ చేసి ఏడ్చేసింది: "దేవుడు సెయ్యి తిరిగిచ్చీసేడురా. ఆదివారం ఇంటికాడ కృతజ్ఞత కూడిక పెట్టుకుంతన్నాం. పాస్టరయ్యగారొస్తన్నారు. దేవుడు సేసిన మేలు అందరి ముందరా నాను సాచ్చెం సెప్పాల."

ఆ వారం గురువారం ఉదయం షిఫ్టు దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బజారుకు వెళ్ళింది. గది తలుపు తోసి, "ఏది బావా, నీ ప్రతాపం చూడనీ" అంటూ లోపలికి వచ్చాను. బావ ఆటలో ఉన్నాడు. మూడు... రెండు... తెర మీద అంకెలు పడుతున్నాయి. ఒకటి ఎంతకీ రాదే! వచ్చాక కార్లు కదిలిన తీరు చూస్తే, మోకాలి లోతు బురదలో మనుషులు నడుస్తున్నట్టుంది. బావ ల్యాప్‌టాప్ మూత చటుక్కున వేసేసి, "స్నానం సేసొస్తాను" అని లేచిపోయాడు.

నేను మూత తెరిచాను. కళ్ళెం ప్రోగ్రామ్‌లో నంబరు చూశాను. పదిహేడు.

మొదట నా పొరపాటే అనుకున్నాను. నేనే తప్పు పెట్టానేమో, దానంతటదే మారిందేమో. ముప్పై పెట్టింది నేనే, స్టాప్‌వాచ్‌తో సరిచూసింది నేనే. అది దానంతటదే ఎలా మారుతుంది? ముప్పై నుంచి ఇరవై ఆరు, ఇరవై రెండు, పందొమ్మిది... రోజుకు కాస్త చొప్పున లోకాన్ని నెమ్మదింపజేసుకుంటూ వచ్చాడు మా బావ! ఆట నెమ్మదిస్తే రాని చేతికీ మలుపులు దొరుకుతాయి, గడియారం తక్కువ టైమే చూపిస్తుంది. అక్క క్యాలెండర్ మీద రాసిన టైములన్నీ దొంగవి. ఆ చెయ్యి రాలేదు. బావ స్నానం నుంచి వచ్చేసరికి నేను ముందుగదిలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను పేపర్లోకి చూశాను. అక్క వచ్చి టీ పెట్టింది, తాగేసి వచ్చేశాను.

కంపెనీ డాక్టరు ఉన్నాడు కదా, పట్టేస్తాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. శనివారం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది నేనే. డాక్టరు బావ చెయ్యి అటూ ఇటూ తిప్పి, పిడికిలి బిగించమని, నొప్పి ఉందా అని అడిగాడు. లేదన్నాడు బావ. డాక్టరు ఫిట్ అని సంతకం పెట్టేశాడు! అలా చూస్తూ ఉండిపోయాను. సోమవారం నుంచి డ్యూటీ.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా జనం. పాటలయ్యాక అక్క లేచి నిలబడింది, చేతిలో వంటింటి క్యాలెండర్. "మొదటి వారం మూడు నిమిషాలు దాటిందండి. ఇప్పుడు ఒక నిమిషం నలభైకి ల్యాప్ తిప్పీస్తన్నారు" అంది. పాస్టరు గారు కాస్త ముందుకు వంగి, "ల్యాప్ అంటే ఏంటమ్మా?" అని అడిగి తెలుసుకుని, "ప్రభువుకు స్తోత్రం" అన్నారు. స్తోత్రం, స్తోత్రం అని గదంతా అంది. నేనూ అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

అప్పుడు లేచాడు బావ.

"అయ్యగారూ, స్తోత్రం సెప్పకండి. సెయ్యి రానేదు."

బావ ఆ నంబరు సంగతి అంతా చెప్పాడు, ఏ రోజు ఎంత తగ్గించాడో కూడా. మొదట ఒక్క రోజు మోజుకు తగ్గించాననీ, ఆ రోజు అక్క నవ్విన నవ్వు చూశాక మళ్ళీ పెంచలేకపోయాననీ చెప్పాడు. అక్క క్యాలెండర్ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇక అయిపోయింది, ఈ మనిషి బరువు దింపుకున్నాడు అనుకుని నేను ఊపిరి వదలబోయాను. బావ నా వైపు తిరిగాడు.

"గురువారం నువ్వు ఆ నంబరు సూసేవు. సూసేవని నాకు తెల్సు. డాక్టరు కాడ సెప్తావనుకున్నాను, సెప్పనేదు. ఇప్పుడేనా సెప్తావేమోనని సూసేను. స్తోత్రం అంతన్నావు. క్రేన్ కాడ ఎత్తమని సిగ్నల్ నువ్వొక్కడివే ఇయ్యాల బావా. ఆపమని మాత్రం ఎవుడైనా ఇయ్యొచ్చు. నాకు ఆగడం సేతకాక నీకేసి సూత్తే, నువ్వు పేపరు సదువుకుంతన్నావు."

అక్క నా దగ్గరకు వచ్చింది.

"నీకు తెలుసేట్రా?"

తల ఊపాను.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "రేపు ఆ క్రేన్ కొక్కెం కింద నువ్వే కదరా నిలబడాల? నీతోపాటు ఇంకెంతమంది ఉంతారు?" అంది.

"ఆరుగురు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు తెలిసింది, గురువారం నుంచి ఆదివారం దాకా ఆ ఆరుగురిలో ఒక్కడి ముఖం కూడా నాకు గుర్తు రాలేదని. బావ పరువు గుర్తొచ్చింది, అక్క కన్నీళ్ళు గుర్తొచ్చాయి, మాట చెప్పి చెడ్డవాణ్ణి కావడం ఎందుకన్నది గుర్తొచ్చింది. రోజూ టిఫిన్ డబ్బాలు విప్పి ఒకరి కూర ఒకరికి పెట్టుకునే ఆరుగురు మనుషులు! బావ సోమవారం సూపర్‌వైజరుకు తానే చెప్పి స్టోర్లో కూర్చున్నాడు. నేను ఎప్పటిలా క్రేన్ కిందకు వెళ్ళాను. మధ్యాహ్నం ఆరుగురూ నన్ను పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకుని, మీ బావ చెయ్యి ఎలా ఉందని అడిగారు. ఇంకా రాలేదన్నాను. మిగతాది వాళ్ళకు ఇప్పటికీ చెప్పలేదు.