నేను అతికించిన మీసం

మాది పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్. మా తాత, నానమ్మ చేపల వేట కోసం విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. క్రితం ఏడాది బంధువులంతా మా ఇంట్లో కలిసినప్పుడు సరదాగా ఒక ఆట పెట్టాను. నానమ్మ పెట్టెలోని పాత ఫొటోలను టీవీలో చూపిస్తాను, అందులో ఉన్నదెవరో అందరూ చెప్పాలి.

నవ్వించాలని ఒక ఫొటోలో కొంటె పని చేశాను. పడుచు వయసులో ఉన్న నానమ్మ ఒళ్లోని పసివాడు నాన్నే అనుకుని, వాడికి అచ్చం నాన్న మీసంలాంటిది ఫోన్‌లో అతికించాను. అది తెర మీదికి రాగానే ఇల్లంతా నవ్వులు.

"దీదీ, పక్కా పెదనాన్నే," అన్నాడు మా బాబాయి కొడుకు. నాన్న కూడా మీసం దువ్వుకుంటూ నవ్వారు.

నానమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆడు మీ నాన్న కాదమ్మా. ఆడికన్నా ముందు పుట్టినోడు. ఓడెక్కే ముందు తీయించినాం. దార్లో జొరమొచ్చి ఓడలోనే పోనాడు. సముద్రంలోనే ఒగ్గేసినాం." తెర వైపు వేలు చూపించింది. "ఆ మీసం తీసీయమ్మా. ఆడికి పళ్లు కూడా రానేదు."

టీవీ ఆపేశాను. అన్నాళ్లూ తానే పెద్దకొడుకుననుకున్న నాన్న, వెళ్లి నానమ్మ పక్కన కూర్చున్నారు.

"అన్న పేరేటమ్మా?"

"నీ పేరే నాయనా. ఆడిదే నీకు పెట్టుకున్నాం."

ఆ పసివాడెవరని నానమ్మను ముందే ఒకసారి అడిగి ఉంటే, అంతమంది నవ్వుల మధ్య ఆమె ఆ మాట చెప్పాల్సి వచ్చేది కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆమె ముఖంలోకి చూడలేను.