రెండో తల

జమ్మలమడుగు బస్టాండు బయట, దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజుల్లో, ఉడికించిన శెనక్కాయల బండ్లు వరసగా నిలబడతాయి. బండామె గిన్నె మీది తడిగోనె పైకెత్తిందో లేదో, ఉప్పావిరి, దాని వెనకాలే ఎంత కడిగినా కాయను వదలని ఎర్రమట్టి వాసన వచ్చి మొహానికి తగులుతాయి. బస్సు కదలబోతూ ఉంటుంది, సంచిలో దిద్దాల్సిన పరీక్ష కాగితాలు ఉంటాయి, మోకాళ్ళు పీకుతుంటాయి, అయినా నేను ఆగి ఒక పొట్లం కట్టించుకుంటాను. కట్టించుకుని, బస్సులో పక్క సీటావిడకు ఇచ్చేస్తాను. ఇదేం చాదస్తమని మా ఆయన నవ్వుతాడు. తినడానికి కాదు, వాసనకే కొంటానని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కదు. ఆ వాసనలో మాబున్ని ఉంది. ఆ పిల్ల కోసం కొంటాను.

మాది లింగాల దగ్గర ఒక చిన్న పల్లె. మా చిన్నతనంలో ఊరి చుట్టూ వానను నమ్ముకున్న శెనక్కాయ చేలే. కాయ పీకే కాలంలో ఊరు ఊరంతా చేలల్లోనే ఉండేది. ఎవరూ సెలవని చెప్పకుండానే బడి ఖాళీ అయ్యేది. పీకిన చెట్టును కుప్పలు వేసి, ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని కబుర్లాడుకుంటూ కాయ తెంపుతుంటే, మేము పిల్లలం ఖాళీ అయిన చేలో వేళ్ళతో మట్టి గీరి, భూమిలో మిగిలిపోయిన కాయలు ఏరుకునేవాళ్ళం. ఏరిన కాయ ఏరినవాళ్ళదే, అది ఊరి కట్టుబాటు. ఒడి నిండాక గట్టు మీద ఎండుపుల్లలు పోగేసి, మంటపెట్టి కాల్చుకుని, బెల్లం ముక్క కొరుక్కుంటూ నల్లబడిన మూతులతో తినేవాళ్ళం. ఇంటికి పోతే సంగటికీ, అందులోకి రోట్లో నూరిన ఊరిబిండికీ కడుపులో చోటుండేది కాదు. జేజి చేత తిట్లు మాత్రం తినేవాళ్ళం.

జేజి అంటే మా నాయన తల్లి. భూమ్మీద లేని జంతువులన్నీ ఆమె దగ్గర ఉండేవి. పాడుబడిన చావిడి దూలం మీద తెల్లకోక కట్టుకుని కూర్చుని బుసకొట్టే ఆడమనిషి, పొద్దుగూకితే వంక అవతల పసిబిడ్డ మాదిరి ఏడ్చి మనుషుల్ని పిలిచే మాయదారి జీవం, ఆవు కాళ్ళకు చుట్టుకుని పొదుగులో పాలు తాగిపోయే పాము. పెద్దయ్యాక ఒక్కొక్కటే తెలిసింది. తెల్లకోక మనిషి ఒక తెల్ల గుడ్లగూబ, ఏడ్చింది నక్క, కొట్టంలోకి వచ్చిన జెర్రిపోతు ఎలకల కోసం వచ్చిందే తప్ప పాల కోసం కాదు. తెలిసినందుకు ఏమంత సంతోషం కలగలేదు. జేజి మోకాలు పట్టుకుని ఆ కథలకు వణికిన వణుకు ఎంత బాగుండేదో, అది మళ్ళీ ఎక్కడా దొరకలేదు. వాటి వల్ల ఎవరికీ చెరుపు జరగలేదు కూడా.

చెరుపు జరిగింది రెండుతలల పాము వల్లే. అది ఆర్నెల్లు ఒక తలతో, ఆర్నెల్లు ఇంకో తలతో నడుస్తుందని, కరవదని, కానీ నాకిందంటే నాకినచోట తెల్లమచ్చ పుట్టి ఒళ్ళంతా పాకుతుందని, ఆ మనిషిని ముట్టుకున్నవాళ్ళకు కూడా అంటుకుంటుందని జేజి చెప్పేది. ఒక్క జేజి కాదు, ఊరంతా చెప్పేది.

మాబున్ని బడిలో నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్ళ నాయన కాశింసా దూదేకులాయన. నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని పల్లెపల్లె తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. నేను మామా అనేదాన్ని. మా వసారాలో కూర్చుని ఆయన విల్లు తీగను కొయ్యతో కొడుతుంటే టుంగు టుంగుమని ఇల్లంతా మోగేది, గట్టిపడిన పాతదూది పొరలు పొరలుగా లేచి పొంగేది, ఆ తునకలు జేజి నెరిసిన జుట్టులో చిక్కుకుంటే ఏది వెంట్రుకో ఏది దూదో తెలియక మాబున్నీ నేనూ నవ్వుకుంటూ ఏరేవాళ్ళం. పీర్ల పండక్కి వాళ్ళింట్లో రొట్టెలు దంచి బెల్లం, నెయ్యి కలిపి చేసిన మలీద ఆకులో మా ఇంటికి వచ్చేది. ఉగాదికి పూర్ణం పెట్టి చేసిన మా ఓళిగలు వాళ్ళింటికి పోయేవి. అరుగు మీద గవ్వలేసి బారాకట్ట ఆడితే మాబున్ని నన్ను కావాలనే గెలవనిచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేనే గెలిచినట్టు ఎగిరేదాన్ని. నా బుద్ధి అప్పటికే అట్లా ఏడ్చింది.

మాకు పదేళ్ళున్నప్పుడు, కాయ పీకే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మిగతా పిల్లలు మంట దగ్గర ఉంటే మేమిద్దరం చేను చివర ఇసకనేలలో గీరుతున్నాం. మాబున్ని వేళ్ళ కింద మట్టి కదిలింది. ఇటుకరంగులో, మూరెడు పొడుగున, రెండు కొనలూ మొద్దుగా ఉన్న పాము బయటికొచ్చింది. నేను ఒక్క ఎగురుతో నాలుగు బారల అవతల పడ్డాను. మాబున్ని దాన్ని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"పారెయ్ మే, అది రెండుతలలది!" అని అరిచాను.

"అరవొద్దు, బెదురుతాంది పాపం. ఈడికొచ్చి పట్టి సూడు, దీని కడుపు శానా మెత్తగుండాది."

నేను పోలేదు. పాము మాబున్ని ఒళ్ళో చుట్ట చుట్టుకుంది. కాసేపటికి ఒక తల పైకి లేచి, మెల్లగా అటూ ఇటూ ఊగి, మాబున్ని కుడి మణికట్టు మీద ఆనింది. అంత దూరం నుంచి, ఎండకు కళ్ళు చికిలించుకుని, నేను చూశాను. తర్వాత మాబున్ని దాన్ని మెత్తటి మట్టిలో వదిలి, పైన గుప్పెడు మట్టి పోసి, ఎవరికీ చెప్పొద్దని, చెప్తే వచ్చి కొట్టి చంపుతారని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టు ఉగాది దాకా నిలబడింది. శివరాత్రికే మాబున్ని మణికట్టు మీద కందిబేడంత తెల్లమచ్చ వచ్చింది. ఉగాదికల్లా అది పెద్దదై, పెదవి పక్కన ఇంకోటి మొదలైంది. ఒకరోజు బోరింగు దగ్గర ఆడవాళ్ళు దాని గురించే గుసగుసలాడుతున్నారు. "ఇద్దురూ ఒకేసోట తిరుగుతాంటారు గదా, నీకేమన్నా తెల్సునా పాపా?" అని జేజి నన్నడిగింది. అందరూ బిందెలు దించి నా వైపు చూశారు. పెద్దవాళ్ళు అంతమంది నన్ను ఒకేసారి చూడటం అదే మొదలు. ఆ చూపులు నాకు ఎంత బాగున్నాయో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

"రెండుతలల పాము నాకింది. నేను సూసినా," అన్నాను. నాలిక నల్లగా, చీలి ఉందని కూడా చెప్పాను. చెప్తుండగానే అది నా కళ్ళకు కట్టింది.

మా నాయన ఆ ఊరి బడిలో అయివారు. అయివారి బిడ్డ అబద్ధమెందుకు చెప్తుంది అన్నారు అందరూ. అట్లాంటివేం ఉండవని నాయన గొణిగాడు గానీ, జేజి గయ్యిమనేసరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జేజి నన్ను ఎండలో నిలబెట్టి చేతులూ కాళ్ళూ తిప్పి తిప్పి చూసింది. మర్నాడు బడిలో నాయనే నన్ను మాబున్ని పక్కనుంచి లేపి ముందువరసలో కూర్చోబెట్టాడు.

కాశిం మామ దగ్గర దూది విడదీసేది మాబున్నే. ఆ చేతులు పెట్టిన పరుపు మీద ఎవరు పడుకుంటారు? ఊర్లో ఒక్కరూ పాతపరుపు విప్పలేదు. పక్కపల్లెలకు పోతే ఆయనకంటే ముందే మాట పోయి ఉండేది. మా ఊర్లో విల్లు మోగని మొదటి ఎండాకాలం అది. పీర్ల పండగ రోజు మాబున్ని ఎప్పటిలాగే మలీద తెచ్చింది, పొడుగుచేతుల రవిక వేసుకుని. జేజి దాన్ని గడప దాటనివ్వలేదు, ఆకు కింద పెట్టి పొమ్మంది. పిల్ల వీధి మలుపు తిరక్కముందే ఆ మలీదను తీసుకుపోయి ఎనుము కుడితితొట్టిలో పారబోసింది. మాబున్ని వెనక్కి తిరిగి చూసింది. తొట్టిని చూసింది, గుంజ వెనక నక్కిన నన్నూ చూసింది.

ఎండలు తగ్గకముందే వాళ్ళు ప్రొద్దుటూరుకు పోయారు. పత్తి ఊరు గదా, ఏదో ఒక పని దొరుకుతుందని. సామానంతా ఎడ్లబండి మీద వేసి, అన్నిటికీ పైన విల్లు కట్టారు. మా ఇల్లు దాటుతుండగా మాబున్ని బండి దూకి పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సరోజా, నిజంగా నాకిందా మే? నాకేం తెలీలే. నువ్వు సూసినావంట గదా."

తన చేతి మీద ఏం జరిగిందో తనకంటే నాకే బాగా తెలుసని నమ్మి అడిగింది. లేదు, నాకు సరిగ్గా కనపడలేదు అనడానికి అదే ఆఖరి అవకాశం. జేజి వెనక నిలబడి ఉంది.

"ఊఁ, నాకింది," అన్నాను.

తల ఊపి, పోయి బండెక్కింది. వంక దాటేదాకా విల్లు కనపడింది.

ఆ పాముకు రెండు తలలు ఉండవని, పాము వల్ల బొల్లి రాదని, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని కాలేజీలో తెలిసింది. తెలిసిన రోజు అన్నం తినలేకపోయాను. అయినా నాకొక ఆసరా మిగిలింది. ఊరు నమ్మింది తప్పు, నేను చెప్పింది మాత్రం నిజం. పాము నాకడం నేను చూశాను కదా. ఇన్నేళ్ళూ ఆ ఒక్కదాన్ని పట్టుకుని నెట్టుకొచ్చాను.

పోయిన ఏడాది నేను పాఠాలు చెప్పే బడిలో మైదానం చదును చేస్తుంటే అట్లాంటి పామే బయటపడింది. అటవీశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చి, దాన్ని అరచేతిలో పెట్టుకుని పిల్లలకు చూపించాడు. పాము చుట్ట చుట్టుకుంది. మొద్దుకొన ఒకటి పైకి లేచి, మెల్లగా అటూ ఇటూ ఊగి, ఆయన మణికట్టు మీద ఆనింది. 

"ఇది తలకాయ అనుకుంటాండారు గదా? కాదు, తోక. బెదిరిందంటే తలను సుట్టల కింద దాసిపెట్టి తోకను పైకి లేపుతాది. దెబ్బ పడితే తోకకే పడనీ అని," అంటూ ఆయన వేలితో చుట్టను కొంచెం పైకెత్తాడు. అడుగున ఆవగింజంత కళ్ళతో చిన్న తల, భయపడి ముడుచుకుని ఉంది.

"అది నాకుతుందా?" అని అడిగాను.

"తోకతో యాడ నాకుతాది మేడం?" అన్నాడాయన. పిల్లలంతా గొల్లుమన్నారు.

ఆ ఆదివారమే ప్రొద్దుటూరు పోయాను. పరుపుల అంగళ్ళలో ఫోము దిమ్మెలు నిలబెట్టి ఉన్నాయి. దూది ఏకేది మిషను, అదీ ఒక్కటే. కాశింసా పేరు చెప్తే ఒక ముసలాయన గుర్తుపట్టాడు. మామ పోయి చాలా ఏళ్ళయిందట. కూతురు కువైట్లో ఎవరింట్లోనో వంట చేస్తోందని చెప్పి, ఆమె తమ్ముడి ఇల్లు చూపించాడు. నంబరు తెచ్చుకున్నాను గానీ ఫోన్ చేయడానికి ఏడాది పట్టింది. మొన్న శుక్రవారం, ఆమెకు సెలవని తెలిసి చేశాను.

పేరు చెప్పగానే "అయివారి సరోజానా!" అని అరిచినంత పని చేసింది. జేజినడిగింది, ఓళిగలనడిగింది, మా అరుగు మీద గీసిన బారాకట్ట గళ్ళు ఇంకా ఉన్నాయా అనడిగింది. అరుగు లేదని, ఇల్లే లేదని, మనం గీరిన చేను ఇప్పుడు చీనీకాయల తోటని చెప్పాను. మచ్చలు ఒళ్ళంతా పాకి మొత్తం తెల్లగయిపోయానని, ఈడ కొత్తోళ్ళు నన్ను దొరసానేమో అనుకుంటాండారని నవ్వింది. అదే నవ్వు. ఆ నవ్వు ఆగేదాకా ఆగి చెప్పాను.

"అది తోక మాబున్నీ. పాము నిన్ను నాకలేదు. నేను చూసింది తోక."



"ఈ మాట మా నాయన ఉన్నెప్పుడు సెప్పింటే బాగుండు సరోజా," అంది. "నాలుగు కాయలేరుకోని రాపో అని ఆ పొద్దు నన్ను సేనుకు తోలింది ఆయనే. బిడ్డను నేనే పాము నోట్లో పెడితినే అని ఏడ్సేవాడు. సచ్చేదాకా మళ్ళా శెనక్కాయ నోట పెట్టలే."

ఈ సాయంత్రం కూడా బస్టాండులో ఒక పొట్లం కట్టించుకున్నాను. బస్సెక్కాక పక్క సీటావిడ వాసనకు ఇటు తిరిగి నవ్వింది గానీ, ఇవ్వలేకపోయాను. ఇల్లు చేరేసరికి కాయలు ఒళ్ళో చల్లారిపోయాయి.