సగం కుర్చీలు

గ్రానైట్ నేల మీద ఇనుప మడత కుర్చీని ఈడ్చినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు చెవికంటే ముందు పళ్ళకు తెలుస్తుంది. మొన్న ఆదివారం కొండాపూర్‌లో మేముండే అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో, నివాసుల సంఘం వారి సాయంకాలపు పాటల కార్యక్రమానికి కుర్చీలు వేస్తుండగా ఆ చప్పుడు విన్నాను. ముందు వరుసలకు ‘ఆహ్వానితులకు’ అని కాగితాలు అంటించారు. వాటిని చూస్తుంటే అనసూయ గారు గుర్తుకు వచ్చారు. ఆమె పోయి కొంతకాలమైంది. ఆమెను ఎరగనివారి కోసం, నేను దాచుకున్న సమావేశాల నోట్సు పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ప్రభుత్వోద్యోగం నుంచి విరమించాక నేను కొన్నేళ్ళు ఒక కళల నిధికి కార్యదర్శిగా పనిచేశాను. దాని ఏర్పాటు సులభమైనదే. కంపెనీలు ఎంత విరాళమిస్తే ప్రభుత్వం అంత కలుపుతుంది. ఆ మొత్తం బ్యాంకులో ఉంటుంది. అసలును ఎవరూ ముట్టకూడదు. వచ్చే వడ్డీతో జిల్లాల్లో ఒగ్గుకథలు, తోలుబొమ్మలాటలు, నాటకాలు, గ్రంథాలయాల్లో చరిత్ర ఉపన్యాసాలు జరిపించాలి. కొత్త విరాళం వస్తేనే కొత్త జిల్లాకు వెళ్ళగలం. కంపెనీ చేయి వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం చేయి కూడా దానితోపాటే వెనక్కి వెళుతుంది. ఈ నిధికి అనసూయ గారు డైరెక్టరు. సిద్దిపేటలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పి వచ్చిన మనిషి. ఏ సభకు వెళ్ళినా వెనక తలుపు నుంచే లోపలికి వచ్చేవారు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, “ముంగట నుంచి వస్తే అందరూ మనల్నే చూస్తరు, మనకేమీ కనబడది” అన్నారు.

దాతలతో జరిగిన తొలి సమావేశంలోనే ఆమె ఒక షరతు చెప్పారు. ఆ రోజు హైటెక్ సిటీలోని ఒక పెద్ద కంపెనీ తరఫున కిరణ్ అనే అధికారి వచ్చాడు. విరాళాల వ్యవహారమంతా అతనిదే. చురుకైనవాడు, మర్యాద తెలిసినవాడు.

“మీ రూపాయికి సర్కారు ఇంకో రూపాయి కలుపుతది కదా” అన్నారు అనసూయ గారు. “మరి కుర్చీలు కూడా గట్లనే. మీ దగ్గర ఆట జరిగినా సగం కుర్చీలు మీరు పిలిచినోళ్ళకు, సగం ఎవరొస్తే వాళ్ళకు.”

“తప్పకుండా మేడమ్, చాలా మంచి ఆలోచనండి” అని కిరణ్ నవ్వాడు. మిగతా దాతలూ నవ్వారు. మంచి ఆలోచన అన్న మాట విన్న ప్రతిచోటా నేను కొంత అనుమానించడం నేర్చుకున్నది ఆ తరువాతనే.

సమావేశపు మినిట్స్ మరునాడు ఆమె ముందు పెట్టాను. ముప్పై ఏళ్ళు సచివాలయంలో రాసిన చేయి; తప్పు దొరకదని నా ధీమా. ఆమె చదివి కళ్ళద్దాలు తీశారు.

“మూర్తి గారూ, ఎవరెవరు వచ్చిండ్రో మంచిగ రాసిండ్రు. నీళ్ళ గ్లాసులు పట్టుకొని గోడకు ఇద్దరు పిల్లలు నిలబడ్డరు, వాళ్ళు లేరేంది?”

“నిలబడ్డవాళ్ళను మినిట్స్‌లో రాసే పద్ధతి లేదండి.”

“పద్ధతి పెడితే ఉంటది. ఇప్పుడు పెట్టుండ్రి.”

నాకు కోపం వచ్చింది. అయినా రాశాను. అప్పటినుంచి నా రాతల్లో ‘హాజరైనవారు’ కింద ‘నిలబడినవారు’ అని మరో వరుస చేరింది. ఆడిటరు ఒకసారి అదేమిటని అడిగాడు; మా డైరెక్టరు గారి పద్ధతి అని ఊరుకున్నాను.

కిరణ్ కంపెనీ విరాళపత్రం మీద సంతకాలు పెట్టడానికి ఒక మధ్యాహ్నం ఏర్పాటయింది. ముందు వాళ్ళ లాబీలో ఒగ్గుకథ, ఆ తరువాత సంతకాలు, ఫొటోలు. ఆ సంతకంతో మేము రెండు కొత్త జిల్లాలకు కార్యక్రమాలు తీసుకువెళ్ళాలి. కథ చెప్పడానికి కొమురయ్య బృందం తెల్లవారకముందే ఊళ్ళో బయలుదేరి వచ్చింది. మేము వెళ్ళేసరికి లాబీ నిండా తెల్ల గుడ్డ తొడిగిన కుర్చీలు. ఉద్యోగులు మీటింగుల్లో ఉన్నారట. కుర్చీల్లో సగానికి పైగా ఖాళీ. సెక్యూరిటీ వాళ్ళు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు మాత్రం గోడ పొడవునా నిలబడి ఉన్నారు. వాళ్ళు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళని, ఈ కథ వాళ్ళ ఇళ్ళలోనిదని, డోలు మీద మొదటి దెబ్బ పడగానే వాళ్ళ ముఖాలే చెప్పాయి.

అనసూయ గారు తన కోసం ఉంచిన కుర్చీలో కూర్చోలేదు. వెళ్ళి గోడకు ఆనుకుని, యాదగిరి అనే గార్డు పక్కన నిలబడ్డారు. కిరణ్ పరుగున వచ్చాడు.

“మేడమ్, మీ సీటు అక్కడండి.”

“నా సీటు సంగతి తర్వాత. వీళ్ళ సగం ఏది?”

“యూనిఫాంలో ఉన్నవాళ్ళు లాబీలో కూర్చోకూడదండి. మా పాలసీ.”

“కుర్చీలు ఖాళీగున్నయి, మనుషులు నిలబడ్డరు. ఇదేం పాలసీ, నాయనా?”

నేను ఆమె దగ్గరకు వెళ్ళి మెల్లగా చెప్పాను. “మేడమ్, ఇవాళ్టికి వదిలేద్దామండి. సంతకం కానివ్వండి, ఆ తరువాత మాట్లాడుకుందాం.”

“దస్తఖత్ అయినంక మాటలుండయి, మూర్తి గారూ. ఉత్త నమస్కారాలే ఉంటయి.”

ఆమె కొమురయ్య వైపు తిరిగి, “ఏమంటవు కొమురయ్యా, ఆగుదామా?” అని అడిగారు.

“ఆగినా మా పైసలు మాకు ఇస్తవా అక్కా?”

“ఇస్త.”

“అయితే నీ ఇష్టం. గానీ జర జల్ది తేల్చు. ఈ ఏసీ చలువకు డోలు మెత్తబడుతున్నది, ఇంకాసేపైతే చాటను కొట్టినట్టుంటది.”

కిరణ్ పక్కకు వెళ్ళి ఎవరికో ఫోను చేసి వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. కూర్చోవచ్చన్నాడు. గోడ దగ్గర నుంచి ఎవరూ కదలలేదు. “మా సూపర్‌వైజర్ చూస్తే పరేషాన్ చేస్తడమ్మా” అన్నాడు యాదగిరి. “నేనున్న గద, కూసో” అన్నారు అనసూయ గారు. ముందు అతను కూర్చున్నాడు, తరువాత మిగతావాళ్ళు. కొమురయ్య కథ ఎత్తుకున్నాడు. వంతపాట దగ్గర వెనక వరుసల నుంచి గొంతులు కలిశాయి. మీటింగుల నుంచి బయటికి వచ్చిన ఉద్యోగులు కొందరు అద్దాల మెట్ల మీదనే కూర్చుండిపోయి విన్నారు. సంతకాలూ అయ్యాయి. ఆ సాయంత్రం నేను మినిట్స్‌లో ‘నిలబడినవారు: ఎవరూ లేరు’ అని రాసి, ఆమె తప్పక మెచ్చుకుంటారనుకున్నాను. ఆమె చదివి సంతకం చేసి ఇచ్చేశారు.

కథ అక్కడితో ముగిస్తే బాగుంటుంది. నా రికార్డు అందుకు ఒప్పుకోదు. కొద్దివారాల తరువాత రసీదు పని మీద ఆ కంపెనీకి వెళితే గేటు దగ్గర అందరూ కొత్త ముఖాలు. అడిగితే, ఆ రోజు కూర్చున్న గార్డులందరినీ ఏజెన్సీ వాళ్ళు వేరే చోట్లకు మార్చారని తెలిసింది. కారణం ఎవరూ చెప్పలేదు, కాగితం మీద పెట్టలేదు. కాగితం మీద పెట్టని పనులంటే నాకు మొదటినుంచీ మంట. వచ్చి అనసూయ గారితో చెప్పాను. మరునాడే ఇద్దరం బాలానగర్‌లో ఒక వర్క్‌షాపు గేటు దగ్గర యాదగిరిని వెతికి పట్టుకున్నాం. ఎండలో, రేకుల నీడ కూడా సరిగా అందని చోట నిలబడి ఉన్నాడు.

“ఎట్లున్నవు యాదగిరీ?”

“ఏముంది మేడమ్. అక్కడ రూముకు దగ్గరుండె. ఇప్పుడు రెండు బస్సులు మారాలె.” కోపం లేకుండానే అన్నాడు: “మీరు నేనున్న అన్నరు. కథ అయిపోయింది, మీరు పోయిండ్రు.”

ఆమె సంజాయిషీ ఇస్తారేమోనని చూశాను, ఇవ్వలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో, “కూసోమనుడు తేలికే, మూర్తి గారూ” అన్నారు. “కూసున్నోని వెనకాల ఎవరు నిలబడ్డరో చూసుకోవాలె ముందు. నేను చూసుకోలే.”

ఏజెన్సీకి ఆమె స్వయంగా వెళ్ళి మాట్లాడారు. ఫలితం లేకపోయింది. మరుసటి ఏడాది విరాళపత్రంలో కొత్త వాక్యం చేర్పించారు: కార్యక్రమంలో కూర్చున్న కారణంగా ఎవరి పనికీ, పనిచేసే చోటికీ మార్పు రాకూడదు, ఆ బాధ్యత దాతది. కిరణ్ వచ్చి బతిమాలాడు. గార్డులు తమ ఉద్యోగులు కారని, ఏజెన్సీ మనుషులని, లీగల్ వాళ్ళు ఒప్పుకోరని చెప్పాడు. “మీ గేటు కాస్తరు, మీ నేల తుడుస్తరు, మీ మనుషులు కారు. మరి ఎవరి మనుషులు?” అని ఆమె అడిగారు. అతను చెడ్డవాడు కాదు. ఆ సమాధానం ఇచ్చే అధికారం అతనికి లేదు. కంపెనీ తప్పుకుంది. ప్రభుత్వపు వాటా రాలేదు. మొదటి ఏటి విరాళం మీద వడ్డీ ఒక్కటే చాలక, రెండు కొత్త జిల్లాల కార్యక్రమాలు ఒక్క ఏటితోనే ఆగిపోయాయి. కొమురయ్యకు ఆ ఏడు పిలుపులు తగ్గాయి.

నేను ఆమెను వ్యతిరేకించాను. ఒక గేటు దగ్గరి కొద్దిమంది కోసం రెండు జిల్లాల ప్రేక్షకులను వదులుకోవడం నిధి ధర్మం కాదన్నాను. ఆమె నా మాట పూర్తిగా విని, “మీ అసమ్మతి మినిట్స్‌లో రాయుండ్రి. నన్ను చూసి పొట్టిగ రాయకుండ్రి” అన్నారు. ఒక పేజీ నిండా రాశాను. ఆమె దాని కింద తన సంతకం చేశారు. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఒప్పించిన అధికారులు చాలామంది. నా అసమ్మతిని సరిగ్గా రాయించినది ఆమె ఒక్కరే. ఆమె పదవీకాలం ముగిశాక వచ్చినవారు మొదట ఆ వాక్యాన్ని, తరువాత సగం కుర్చీల షరతునూ తీసేశారు. ‘సరళీకరణ’ అని పేరు పెట్టారు. ప్రభుత్వం ఇప్పటికీ రూపాయికి రూపాయి కలుపుతూనే ఉంది. ప్రజలు మాత్రం గోడ దగ్గరే ఉన్నారు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. వెళ్ళి చూసి, రాసుకున్న మాట.

నా అసమ్మతి రాసిన ఆ పేజీని ఈనాటికీ కొట్టివేయలేదు. ఎవరిది సరైన లెక్కో నాకు తేలలేదు. కానీ ఆదివారం నాడు క్లబ్‌హౌస్ తలుపు దగ్గర మా వాచ్‌మన్ నిలబడి ఉంటే, నేను నేరుగా అతని దగ్గరకు వెళ్ళలేదు. ముందు సంఘం సెక్రటరీ దగ్గరకు వెళ్ళాను. వాచ్‌మన్ కూర్చుంటే అతని పనికి ఏ ఇబ్బందీ రాదని నలుగురి ముందు చెప్పించి, అది సంఘం రిజిస్టరులో రాయించాను. “ఇంత చిన్నదానికి రిజిస్టరు దేనికండీ మూర్తి గారూ” అని ఆయన విసుక్కున్నాడు. రాసిన తరువాత ఒక కుర్చీ తెచ్చి తలుపు పక్కన వేసి వాచ్‌మన్‌ను పిలిచాను.

“వద్దు సార్” అన్నాడు అతను. “నిలబడితేనే మంచిగ కనబడ్తది.”

అది అతని ఇష్టం. కాసేపటికి కుర్చీ దారికి అడ్డంగా ఉందని మడవడానికి ఎవరో వచ్చారు. పాటలు అయ్యేదాకా నేను మడవనివ్వలేదు.