శ్రీశైలమ్మ ముక్కు

శ్రీశైలమ్మ ముక్కును మొగుడే కోశాడని కంభం చుట్టుపక్కల ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. నేను ఆమె పక్కింటిదాన్ని, వరసకు ఆమె నాకు వదిన. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది నేనే. కాబట్టి నేను చెప్పేది వినండి, కాదంటే మీ ఖర్మ.

వదిన పుట్టింది అర్ధవీడు దగ్గర పల్లెలో. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. అన్న మాలకొండయ్యే పెంచి, మా ఊరి నాగయ్యకిచ్చి పెళ్ళి చేశాడు. నాగయ్య మిరప వేస్తాడు, కంది వేస్తాడు. పనిమంతుడే, కాదనను. కానీ చెయ్యి దురుసు. కూర చల్లారినా కొట్టేవాడు, మిరప ధర పడిపోయినా ఇంటికొచ్చి ఆమెనే కొట్టేవాడు. ఒకసారి పలుపుతాడుతో కొడితే వీపు చీరుకుపోయింది. ఒకసారి ముందుపళ్ళు రెండు ఊడిపడ్డాయి. ఇంకోసారి రోకలితో మోదితే ఎడమ చెయ్యి విరిగి, కట్టు సరిగ్గా పడక వంకరగానే అతుక్కుంది. కోపమొస్తే ‘నీ ముక్కూ చెవులూ కోస్తా’నని వీధంతా వినబడేలా అరవడం వాడికి అలవాటు.

మాలకొండయ్య చూడ్డానికి వచ్చినప్పుడల్లా నాగయ్య దగ్గర ఒక కథ సిద్ధంగా ఉండేది. చెయ్యేమో కోడె పొడిచింది, పళ్ళేమో బావి మెట్ల మీద జారితే పోయాయి. వదిన తల దించుకుని ఊ కొట్టేది. అన్న కోడికూర తిని, మూతి తుడుచుకుని, జాగ్రత్తగా ఉండమ్మా అని బండెక్కేవాడు. ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా వదినకు ముక్కుపుడక పక్కన నల్లటి కాయ ఒకటి లేచింది. పుడక పడలేదేమోనని తీసేసింది, తగ్గలేదు. పక్క ఊళ్ళో ఒక ముసలాయన జీడి రసం పెట్టి కాల్చాడు. ఆ వాత పుండయింది, పుండు ముక్కు రంధ్రాన్ని తినడం మొదలుపెట్టింది. చివరికి నేనే మార్కాపురం డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. ఆమె చూసీ చూడగానే గుంటూరు పొమ్మంది. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, చర్మానికి వచ్చిన క్యాన్సరు అన్నారు.

నాగయ్య ఒక్కరోజు వచ్చి సంతకం పెట్టి, మిరప కోతలున్నాయని వెళ్ళిపోయాడు.

పెద్ద డాక్టరు నాకు బొమ్మ గీసి చూపించాడు. ఎడమ పక్క ముక్కంతా, చుట్టూ మంచి చర్మం తగిలేదాకా కోసేస్తారు. తర్వాత నుదుటి మీద చర్మాన్ని నిలువుగా పట్టీలా లేపి, కిందికి తిప్పి ముక్కు చేస్తారు. కానీ ఆ పట్టీని నుదుటి నుంచి వెంటనే తెంచకూడదు. కనుబొమల మధ్య నుంచి ఒక కాడ వేలాడుతూనే ఉండాలి, కొత్త ముక్కుకు దాని గుండానే నెత్తురు అందాలి. మూడు వారాలకు కింద చర్మం అతుక్కున్నాక కాడ కోసేస్తారు. ఈలోగా దెబ్బ తగిలినా, కాడ చిరిగినా కొత్త ముక్కు చచ్చిపోతుంది, మళ్ళీ చెయ్యడానికి నుదుటి మీద అంత చర్మం మిగలదు. బొడ్డుతాడు తెగని బిడ్డలాగా చూసుకోమని నర్సు చెప్పింది. వదిన ఆ మాట పట్టుకుంది. బిడ్డలు లేని మనిషి, అద్దం అడిగి ఆ కాడ కేసే చూస్తూ కూర్చునేది.

కాడ కోయడానికి మళ్ళీ రమ్మని, కట్టు కట్టి ఇంటికి పంపారు. కంభంలో రైలు దిగి, కుళాయి దగ్గర వదిన మొహం తుడుచుకుంటుంటే కట్టు కిందికి జారింది. నేను సర్దేలోపు మాలకొండయ్య పెళ్ళాం తరఫు మనిషొకడు చూశాడు. పలకరించను కూడా లేదు, గిరుక్కున తిరిగి పోయాడు. నాగయ్య అరుపులు చుట్టాలందరూ విన్నవే. ముక్కు చోట ఏదో మాంసంముద్ద కనిపించేసరికి ఇంకేముంది, వాడే కోశాడని తేల్చేసుకున్నారు.

మరుసటి ఉదయం వాకిట్లో నాగయ్య మిరపకాయలు తిరగేస్తున్నాడు. ట్రాక్టరు వచ్చి ఆగింది. మాలకొండయ్యా, వెనక నలుగురూ కర్రలతో దూకారు. ఏంది బావా అని నాగయ్య అనేలోపే మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. బోర్లా కాయల్లో పడ్డాడు. ఒకడు జుట్టు పట్టి మొహాన్ని ఆ ఎర్రటి కుప్పలోకి నొక్కాడు. మిగిలినవాళ్ళు వీపు మీద, పిరుదుల మీద కట్టెలు కొట్టినట్టు కొట్టారు. కాయలు పగిలి గింజలు ఎగిరాయి. వాడి తల చిట్లి కారిన నెత్తురు కారంతో కలిసి కళ్ళలోకి దిగింది. వాడు పెట్టిన కేకలు వీధి చివరిదాకా వినబడ్డాయి. అబద్ధమెందుకు, ఆ మొదటి రెండు దెబ్బలకు మాత్రం నాకు సంతోషమే అయింది.

నేను అడ్డం పోయి, ముక్కు డాక్టర్లు కోశారు, అది ఆపరేషను అని గొంతు చించుకున్నాను. మాలకొండయ్య నన్ను ఒక్క తోపు తోశాడు.

“కోడె పొడిచిందన్నారు, విన్నా. బాయి మెట్ల మీద జారిందన్నారు, విన్నా. ఇప్పుడు ఆపరేషనా?” అన్నాడు.

అన్నేళ్ళు అబద్ధాలు చెప్పిన ఇంట్లో నిజం చెబితే నమ్మేదెవరు?

వదిన గడపలో నిలబడి ఉంది. తుమ్మొస్తే కుట్లు తెగుతాయని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కారం ఘాటుకు కళ్ళు ధారలు కడుతున్నాయి. అలా నిలబడే చూసింది. నాగయ్య పాక్కుంటూ వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నువ్వన్నా చెప్పవే అని ఏడ్చాడు. వాడి తలకని ఎత్తిన మాలకొండయ్య కర్ర చివర వదిన నుదుటికి తగిలింది. కట్టు ఊడిపోయింది. కాడ ఒక పక్క చిరిగి నెత్తురు ముక్కు మీదుగా గడ్డం దాకా కారింది.

అప్పుడు చూశారు అందరూ, ఆమె నుదుటి నుంచి ముక్కులోకి దిగిన ఆ మాంసపు కాడను. ఒకడు కర్ర పారేసి వెనక్కి నడిచాడు.

వదిన అరచేత్తో నుదురు నొక్కిపట్టుకుని అన్న దగ్గరికి వచ్చింది. “కుట్లు చూడన్నా. ముక్కు కోసినోడు ఇంత సన్నంగా కుడతాడా?”

మాలకొండయ్య మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా అని గొణిగాడు. ఆ మాటకు వదినకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

“చెప్పలేదా? చెయ్యి విరిగినప్పుడు నీ ఇంటికే వచ్చినా గదా. ఈడు కొట్టినాడని నీ కాళ్ళ కాడ కూర్చోని చెప్పినా. నువ్వూ నీ పెళ్ళామూ అన్నం పెట్టి, మళ్ళీ ఈడి కాడికే బండెక్కించినారు. చెయ్యి విరిగితే నొప్పి నాది, ముక్కు పోతే పరువు నీది. అందుకొచ్చినావు.”

నేను ఆటో పిలిచి, ఆమెను కూర్చోబెట్టుకుని స్టేషనుకు పోయాను. గుంటూరు చేరేదాకా కాడ మీద గుడ్డ అదిమి పట్టుకునే ఉంది.

డాక్టర్లు చిరిగినచోట కుట్టారు గానీ, తెల్లారేసరికి కొత్త ముక్కు అంచు నల్లబడింది. పెద్ద డాక్టరు రోజూ వచ్చి ముక్కును సూదితో గుచ్చేవాడు. నల్ల నెత్తురు వస్తే పోయినట్టు, ఎర్రగా వస్తే బతికినట్టు. సూది దిగేటప్పుడు వదిన నా చెయ్యి పట్టుకునేది. నెత్తురు ఎర్రగానే వచ్చింది. జీవితమంతా తన నెత్తురు చూసి ఏడ్చిన మనిషి అప్పుడు మాత్రం నవ్వింది. అంచు కొంచెం రాలిపోయి నొక్కు పడింది, మిగతా ముక్కంతా నిలబడింది. అనుకున్నదానికంటే ఆలస్యంగా కాడ కోసేశారు.

ఈలోగా రెండు వైపుల నుంచీ కబుర్లు వచ్చాయి. నాగయ్య కంభం ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడి ఉన్నాడు. కారణం లేకుండా మీ అన్నే వచ్చి కొట్టినాడని పోలీసులకు చెప్పు, ఇకమీద నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను అని వాడి కబురు. నాగయ్య కత్తి తీసుకుని నీ మీదికి వస్తే అడ్డుపడినాం అని చెప్పు, పుట్టింట్లో నీకొక గది ఇస్తాను అని అన్న కబురు. ఇద్దరికీ ఆమె ముక్కే సాక్ష్యంగా కావాలి. సిగ్గులేని జన్మలు.

కాడ కోసిన మర్నాడు కంభం పోలీసు స్టేషను నుంచి వాణి అని ఒక కానిస్టేబులమ్మ వచ్చింది. ముక్కుకు ఏమైందో చెప్పమని అడిగింది.

“ముక్కును కేసులో కలపొద్దమ్మా,” అంది వదిన. “దాన్ని డాక్టర్లే కోసినారు, డాక్టర్లే పెట్టినారు. ఈ నుదుటి దెబ్బ మా అన్నది. పండ్లు, వీపు, చెయ్యి మా ఆయనవి. ఇద్దరి పేర్లూ రాయి.”

పాత దెబ్బలు ఇప్పుడెందుకమ్మా, వాటికి రుజువేదీ అంది వాణి, రాయకుండా.

వదిన జాకెట్టు చెయ్యి పైకి లాగి, ఆ వంకర చేతిని తీసుకొచ్చి ఆమె కాగితాల మీద పెట్టింది. పెన్ను కదిలేదాకా తియ్యలేదు.