రూతు సీసా మీది చీటీ

మోకాలికి నొప్పుల మందు రాసుకున్నప్పుడల్లా, బాపట్లలో మా వరండాలో కూర్చున్న నేను ఒక్క క్షణంలో తెనాలి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉంటాను. సాలిసిలిక్ ఆమ్లాన్ని గుర్తుపట్టే పరీక్షలో వచ్చేది సరిగ్గా ఈ వాసనే. నేర్పింది కరుణమ్మ మేడం. నేను ఆవిడ ప్రియశిష్యురాలిని కాను. ఆ భాగ్యం రేపల్లె బండిలో వచ్చే రూతుది.

దేవుడి తర్వాత మేడం కొలిచేది పాతకాలపు రష్యన్ రసాయన శాస్త్రవేత్త ఒకాయన్ని. ద్విబంధం దగ్గర కొత్త హైడ్రోజన్ చేరేటప్పుడు, అప్పటికే హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌నే పట్టుకుంటుందని తేల్చిన మనిషి. "ఉన్నదానికే ఇంకా పెట్టడం, మా క్లాసులో లాగే" అని గొణిగాను. మేడం విననే విన్నారు.

"ఆ నియమం ఒక్కటే పట్టుకున్నావేంటే? సాటి మేష్టారిని అన్యాయంగా తీసేశారని ఉద్యోగమే వదులుకున్నాడాయన. ముసలితనంలో తన ల్యాబు ఇంకొకరి చేతికిచ్చేసినా పెట్రోలియం మీద పని మానలేదు. అదీ తెలుసుకో" అన్నారు. రూతు బుద్ధిగా తలూపింది. అది తలూపినా నాకు ఒళ్ళు మండేది.

వేసవిలో యూనివర్సిటీ ల్యాబులో శిక్షణకి మాలో ఒక్కరికే అవకాశం. పేరు చెప్పకుండా ఒక్కొక్కరికి ఒక్కో సీసాలో పొడి ఇస్తానని, అదేమిటో అందరికన్నా ముందు సరిగ్గా చెప్పినవాళ్ళని పంపుతానని అన్నారు మేడం. సీసాల మీద మా రోల్ నంబర్ల చీటీలు, ఏ నంబరులో ఏముందో ఆవిడ రిజిస్టరులో. ఆ ఉదయం ల్యాబులో ఎవరూ లేరు. రూతు చీటీ పీకి, జ్వరంతో రాని అమ్మాయి సీసాకి మైదా జిగురుతో అంటించాను, ఆ అమ్మాయి చీటీ రూతు సీసాకి.

అందరికన్నా ముందు రూతే లేచి "సాలిసిలిక్ ఆమ్లమండి" అంది. రిజిస్టరులో రూతు నంబరుకి బెంజోయిక్ ఆమ్లం అని ఉంది. దాని ముఖం పాలిపోయింది. "వాసన బాగా వచ్చిందండి మేడం, ఒట్టండి!"

మేడం తనే పరీక్ష చేశారు. ల్యాబంతా గుప్పుమంది. "చీటీలు మారాయి. ఎవరికైనా తెలుసా?" అని అందరినీ అడిగారు. ఆ రష్యన్ ఆయన సాటివాడి కోసం ఉద్యోగం వదిలాడు. నేను నోరు కూడా విప్పలేదు. శిక్షణకి రూతే వెళ్ళింది. ఆ రోజు అన్నం మానేసి ఏడ్చాను, తప్పు చేశానని కాదు, అది గెలిచిందని.

పోయినేడాది, అంగలకుదురులో మంచంపట్టిన మేడం దగ్గర అంతా కక్కేశాను.

"తెలుసే. ఆవేళ నీ వేళ్ళకి మైదా జిగురు చూశాను."

"మరి రూతుకి చెప్పలేదేంటండి?"

"చెబితే అది నిన్ను అక్కడికక్కడే క్షమించేసేది. నువ్వు తట్టుకునేదానివా?"

తర్వాత నెలకే మేడం పోయారు. రూతు ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేసి క్షేమం అడుగుతుంది. నిజం నాలుక చివరిదాకా వస్తుంది, మింగేస్తాను. అన్నిట్లోనూ నాకంటే పైన ఉంది మహాతల్లి. నన్ను క్షమించే గొప్పతనం కూడా దానికే ఇవ్వాలా? ఇవ్వను.