ఉగాది దాటాక పొమ్మన్నాను

ఒక ముసలివాడి కాలు ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువుగా ఉంది. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. పశ్చాత్తాపంతో చెబుతున్నానని మాత్రం అనుకోకండి, నేనంత గొప్పవాణ్ని కాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కడప దగ్గర ఒక నాపరాళ్ల గనిలో నేను లెక్కలు రాసే రైటరుని. పని చేసి చేసి ముసలివాళ్లయిన కూలీల వైద్యం కోసం అందరూ చందాలేసుకుని ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నారు. దాని పెత్తనం నాది. ఏడాదిలో వైద్యానికయ్యే ఖర్చులో మొదటి ఇరవై రూపాయలు రోగే పెట్టుకోవాలి. ఆపైన ఎంతయినా నిధి ఇస్తుంది. ఉగాది వస్తే కొత్త ఏడాది, మొదటి వంతు మళ్లీ రోగిదే. ఈ నియమం లేకపోతే తుమ్మినా దగ్గినా నిధి మీద పడతారని మా పెద్దమనుషులు తేల్చారు. బతుకంతా రాతి దుమ్ము మింగినవాళ్ల గురించి, నీడన కూర్చుని తమలపాకులు నమిలేవాళ్లు తేల్చిన మాట! ఆ నమిలేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ముసలి కూలీల్లో ఒకడైన ఓబులేసు ఆ చలికాలమే దగ్గు మందులకు తన వంతు ఖర్చు పెట్టేశాడు. ఉగాది దగ్గర పడుతుండగా అతని కాలికి రాతి పెంకు గుచ్చుకుని పుండయింది. కర్ర ఊతంతో కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"రైటరప్పా, కాలు నల్లగయితాండాది. కడపకు పోవల్ల. నా వంతు అయిపోయింది గదా, ఇంగ నిధి ఇస్తాదా?"

"ఇస్తాదిలే. పండగ ముందర ఆస్పత్రి గడప తొక్కితే ఏడాదంతా ఆడనే ఉండాల్సొస్తాది. ఉగాది దాటినాంక పోదువులేన్నా. అంతవరకు వేపాకు నూరి కట్టుకో."

"నువ్వు చెప్పినాక సరేలేప్పా."

ఎందుకు చెప్పాను? నిధి తరగకుండా కాపాడినందుకు ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయ్యాక నాకు శాలువా కప్పుతామన్నారు పెద్దమనుషులు. పండగ దాటితే మొదటి ఖర్చు మళ్లీ అతని నెత్తినే పడుతుందని నాకు తెలియదా? తెలుసు. తెలియక చేశానని ఎన్నోసార్లు నన్ను నేను నమ్మించుకోబోయాను, కానీ ఆ పూట నా నోట శకునం మాట ఎంత తియ్యగా వచ్చిందో గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ శకునాలను నేనే ఏనాడూ నమ్మలేదు.

శాలువా కప్పారు. సిగ్గులేకుండా మెడ వంచాను.

పండగ దాటాక నియమం చెప్పాను. ఆ ఇరవై రూపాయల కోసం ఓబులేసు ఉన్న రెండు మేకలను అమ్మడానికి సంత దాకా ఆగాడు. కడప చేరేసరికి పుండు పైకి పాకింది. మోకాలి కింద తీసేశారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చంకకర్రలతో గని దగ్గర కూర్చుని, కొత్తగా వచ్చిన కూలీలకు నన్ను చూపించి చెప్పేవాడు: "శానా మంచోడప్పా. పండగ పూట నన్ను ఆస్పత్రిలో పండుకోనీలేదు." నేను నవ్వి తల ఊపేవాణ్ని. అతను పోయేదాకా అలాగే ఊపాను.

మీరు క్షమిస్తారా అని అడగను. క్షమించాల్సినవాడికి నేను నిజమే చెప్పలేదు. మీకు చెప్పాను. ఓబులేసు కాలు తీసింది డాక్టరు కాదు, నేను.