నీచు వాసన

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టర్. మా అమ్మాయి స్వాతి ఒక చిన్న కొండచిలువను పెంచుకుంటోంది. స్వాతికి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు మొదలయ్యాక పాము తిండి బాధ్యత నా మీద పడింది. ఫ్రీజర్‌లోని చచ్చిన ఎలుకను గోరువెచ్చని నీళ్లలో కరగనిచ్చి, పట్టకారుతో పాము ముందు ఆడించాలి. వారం వారం ఆడించాను. అది మొహం తిప్పేసుకునేది.

మూడు నెలలకు దాని వెన్నెముక పైకి తేలింది. పశువుల డాక్టరు రెండుసార్లు గొట్టంతో తిండి లోపలికి పంపి, తనంతట తాను తినకపోతే బతకదన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు, ఎలుకను పెట్టే ముందు ఏం చేస్తారని నన్ను హిందీలో అడిగాడు.

"చికెన్ కడిగినట్టే ఉప్పు, పసుపు వేసి మూడుసార్లు కడుగుతాను. నీచు వాసన ఉండదు" అని నేనూ హిందీలోనే గొప్పగా చెప్పాను.

పక్కనున్న స్వాతి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, ఏటి పని చేసీసావే! ఆ వాసన పట్టే కదా అది తింటాది!"

డాక్టరు నవ్వలేదు. అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఆ సాయంత్రం కడగని ఎలుకను పట్టుకెళ్లాను. పాము తలెత్తింది. రెండుసార్లు నాలుక ఆడించింది. మళ్లీ మొహం తిప్పేసుకుంది. ఇది జరిగి నెలైంది, ఇప్పటికీ ముట్టలేదు. ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు.

నిన్న మా ఆయన కంచం ముందు కూర్చుని, "పప్పులో పసుపెయ్యలేదేటి?" అన్నారు.

ఆ రోజు నుంచి పసుపు ముట్టని నా చేతులు వెనక్కి దాచుకున్నాను.